చెట్టు భద్రతపై తీర్పు: వృక్ష సంరక్షణ నిపుణుడి బాధ్యత, వృత్తి స్థాయి

సభాధ్యక్షులకు, వేదిక మీది పెద్దలకు, చెట్ల సంరక్షణనే వృత్తిగా ఎంచుకున్న సహచరులకు, చెట్లున్న స్థలాల బాధ్యత మోస్తున్న అధికారులకు, యజమానులకు నమస్కారం.

మన దగ్గరికి వచ్చేవారిలో చాలామంది ఒకే ప్రశ్న పట్టుకుని వస్తారు: "ఈ చెట్టు పడుతుందా, పడదా?" ఆ ప్రశ్న వెనక భయం ఉంటుంది. ఒక్కోసారి పొరుగువారితో తగాదా ఉంటుంది. ఒక్కోసారి చెట్టును కొట్టించాలని ముందే తీసుకున్న నిర్ణయానికి ఒక నిపుణుడి సంతకం కావాలన్న ఆశ ఉంటుంది. వచ్చిన కారణం ఏదైనా, అడిగిన రూపంలో ఆ ప్రశ్నకు నిజాయితీగా ఒక్క ముక్కలో జవాబు చెప్పగలవారు ఎవరూ లేరు, ఎందుకంటే గాలి తగినంత బలంగా వీస్తే ఏ లోపమూ లేని చెట్టు కూడా కూలుతుంది. "పడదు" అని రాసిచ్చిన ధ్రువపత్రమూ, "పడుతుంది" అని భయపెట్టి కొట్టించిన చెట్టూ మన వృత్తి గౌరవాన్ని సమానంగానే తగ్గిస్తాయి. మనం ఆ తీర్పుకు ఎలా వచ్చామో అడిగినవారికి చూపగలగాలి, ఆ తీర్పు ఎటు మొగ్గినా మన సంపాదనలో తేడా రాకూడదు. వృక్ష సంరక్షణ నిపుణుడి స్థాయి ఈ రెండింటి మీదే నిలుస్తుందని నా నమ్మకం.

ముందుగా ప్రమాదం అన్న మాటను విడదీసి చూడాలి. చెట్టులో లోపం ఉన్నంత మాత్రాన అది విరగాలని లేదు. విరిగినంత మాత్రాన ఎవరికైనా తగలాలని లేదు. తగిలినా ఆ దెబ్బ ఎంతటిదన్నది మళ్లీ వేరే లెక్క. వృక్ష సంరక్షణ నిపుణుల అంతర్జాతీయ సంఘమైన ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్ 2013లో మొదలుపెట్టిన ప్రమాద అంచనా అర్హత ఈ విభజన మీదే నిలబడింది. ఆ పద్ధతిలో ముందు విరిగే అవకాశాన్ని నాలుగు మెట్ల మీద కొలుస్తారు, తర్వాత తగిలే అవకాశాన్ని, ఆ తర్వాత పర్యవసానాన్ని అలాగే కొలిచి, అన్నీ కలిపి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ, అత్యధికం అన్న నాలుగింటిలో ఒక స్థాయికి వస్తారు. పరీక్ష లోతు కూడా మూడు అంచెలుగా ఉంటుంది: నడుస్తూనో బండి మీద వెళుతూనో చాలా చెట్లను పైపైన చూడటం, ఒక్కో చెట్టు చుట్టూ తిరిగి నేల నుంచి నిశితంగా పరిశీలించడం, అవసరమైతే పరికరాలతోనో చెట్టెక్కో మరింత లోతుగా చూడటం. ఏ అంచెలో చూశారో చెప్పకుండా ఇచ్చిన నివేదికకు నా దృష్టిలో విలువ లేదు.

ఈ విభజన వల్ల కలిగే పెద్ద మేలు ఒకటుంది. మొదలు కుళ్లిన చెట్టు ఎవరూ తిరగని చోట ఉంటే దాని ప్రమాద స్థాయి తక్కువే. అదే చెట్టు కింద రోజంతా మనుషులు కూర్చునే బల్ల ఉంటే స్థాయి మారిపోతుంది. అప్పుడు చెట్టును కొట్టడం ఒక్కటే మార్గం అనుకోనక్కరలేదు. బల్లను జరపవచ్చు, దారిని కాస్త మళ్లించవచ్చు, గాలివాన హెచ్చరిక ఉన్న రోజుల్లో ఆ స్థలాన్ని మూసి ఉంచవచ్చు. మనుషుల రాకపోకలను లెక్కలోకి తీసుకోకుండా చెట్టును మాత్రమే చూసి ఇది ప్రమాదకరమని రాసేవారు సగం పనే చేసినట్టు లెక్క.

ఈ ప్రమాదం నిజానికి ఎంత? బ్రిటన్‌లో ఈ విషయాన్ని శ్రద్ధగా లెక్కించారు. అక్కడ చెట్లో కొమ్మలో పడి చనిపోయేవారు ఏడాదికి సగటున ఐదారుగురు. నేషనల్ ట్రీ సేఫ్టీ గ్రూప్ 2011లో వెలువరించిన మార్గదర్శకాల ప్రకారం ఒక మనిషికి ఏడాదిలో ఇలా మరణం సంభవించే అవకాశం సుమారు కోటిలో ఒకటి. ఆ దేశపు హెల్త్ అండ్ సేఫ్టీ ఎగ్జిక్యూటివ్ సాధారణంగా పది లక్షల్లో ఒకటి కంటే తక్కువ ప్రమాదాన్ని సమాజం పెద్దగా పట్టించుకోనక్కరలేనిదిగా, ప్రజల మీద పదివేలలో ఒకటి కంటే ఎక్కువ ప్రమాదాన్ని సహించరానిదిగా భావిస్తుంది. ఈ గీతలనే ఆధారంగా చేసుకుని బ్రిటన్‌కు చెందిన వృక్ష సంరక్షణ నిపుణుడు మైక్ ఎలిసన్ అంకెలతో ప్రమాదాన్ని లెక్కగట్టే పద్ధతిని రూపొందించారు. ఈ అంకెలు నేను చెబుతున్నది అజాగ్రత్తకు సాకు ఇవ్వడానికి కాదు. సగటు అన్నది అన్ని చెట్లకూ కలిపి వచ్చిన లెక్క. రద్దీ దారి మీదికి వంగి, మొదట్లో కుళ్లు పట్టిన ఒక మానుకు ఆ సగటు వర్తించదు. అయితే భయంతో వచ్చిన యజమానితో మాట మొదలుపెట్టేటప్పుడు అతని భయానికి ఒక కొలత ఇవ్వడం మన ధర్మం. ఆ కొలత ఇవ్వని నిపుణుడు తెలిసో తెలియకో ఆ భయం మీద వ్యాపారం చేస్తున్నట్టే.

ఇక చెట్టు విషయానికి వస్తాను. మన వృత్తికి ఈనాడున్న శాస్త్రీయ పునాదిలో పెద్ద భాగం అమెరికా అటవీ సేవా సంస్థలో పనిచేసిన అలెక్స్ షైగో వల్ల వచ్చింది. అంతకుముందు చెట్లను అడ్డంగా కోసి చూసేవారు. ఆయన మోటారు రంపంతో మానులను నిలువునా చీల్చి, కుళ్లు ఎక్కడ మొదలై ఎటు పాకి ఎక్కడ ఆగిందో చూశారు. 1970ల్లో ఆయన ప్రతిపాదించిన నమూనా సారాంశం ఇది: చెట్టు గాయాన్ని మన చర్మంలా మాన్పుకోదు, దెబ్బతిన్న కొయ్యను గోడలు కట్టి వేరుచేస్తుంది. పైకీ కిందికీ పాకకుండా కట్టే గోడ అన్నిటికన్నా బలహీనం. చేవ వైపుకూ పక్కలకూ కట్టేవి అంతకన్నా మెరుగు. గాయమయ్యాక కొత్తగా పెరిగే కొయ్యకూ పాత కొయ్యకూ మధ్య ఏర్పడే గోడ అన్నిటికన్నా గట్టిది. కుళ్లు నిలువుగా పొడవుగా పాకి, బయటి పక్క గట్టి కొయ్య మిగలడానికి కారణం ఇదే. కొమ్మను మానుకు సమంగా చదును చేసి కోయడం తప్పని, కొమ్మ మొదట్లో ఉబ్బెత్తుగా ఉండే పట్టీని వదిలి కోయాలని మనం నేర్చుకున్నది కూడా ఈ అవగాహన నుంచే. కోసిన చోట రంగో తారో పూస్తే కుళ్లు ఆగుతుందన్న నమ్మకం కూడా ఆ పరిశోధనల ముందు నిలవలేదు. అయినా ఈనాటికీ డబ్బు తీసుకుని ఆ పూత పూసేవారు ఉన్నారు.

తొర్ర గురించి కొంచెం ఎక్కువసేపు మాట్లాడాలి, ఎందుకంటే అనవసరంగా కొట్టేసిన చెట్లలో చాలా వాటి మీద మోపిన నేరం అదే. వెదురు బొంగు లోపల బోలు అయినా గాలికి నిలుస్తుంది కదా. గుండ్రటి గొట్టం వంగకుండా నిలిచే బలం ఎక్కువగా దాని అంచు నుంచే వస్తుంది. లెక్క వేస్తే బోలు వ్యాసానికీ మాను వ్యాసానికీ ఉన్న నిష్పత్తిని నాలుగో ఘాతానికి పెంచితే, బలంలో ఎంత వంతు పోయిందో తెలుస్తుంది. మాను అడ్డుకొలతలో సగం బోలైతే పోయే బలం ఆరు శాతం పైచిలుకు మాత్రమే. పది పాళ్లలో ఏడు పాళ్లు బోలైనా పోయేది 24 శాతం. అక్కడి నుంచి మాత్రం నష్టం వేగంగా పెరుగుతుంది. ఎనిమిది పాళ్లకు 41 శాతం, తొమ్మిది పాళ్లకు 65 శాతం దాటుతుంది. జర్మనీలోని కార్ల్‌స్రూహేలో పనిచేసిన భౌతిక శాస్త్రవేత్త క్లాస్ మాటెక్ విరిగినవీ నిలిచినవీ అయిన బోలు చెట్లను పోల్చి, గట్టి అంచు మందం మాను వ్యాసార్ధంలో సుమారు మూడో వంతు కన్నా తగ్గినప్పుడు జాగ్రత్తపడాలని చెప్పారు.

ఆ మూడో వంతు సూత్రాన్ని కంఠస్థం చేసి, కొలిచి, తగ్గితే కొట్టేయమని రాసేవారు ఉన్నారు. దీన్ని నేను గట్టిగా వ్యతిరేకిస్తాను. పైన చెప్పిన లెక్క, తొర్ర నడిమధ్యన ఉండి చుట్టూ అంచు తెగకుండా ఉన్న మానుకు వర్తిస్తుంది. ఒక పక్క నోరు తెరిచిన తొర్రలో అదే మందం సరిపోకపోవచ్చు. మరోవైపు, మాను బలం దాని వ్యాసం మూడో ఘాతంతో పెరుగుతుంది కనుక, శతాబ్దాల వయసున్న లావుపాటి మాను ఎత్తు తగ్గి, కొమ్మలు కుదించుకుని నిలబడితే అంత మందం లేకుండానే దశాబ్దాలు నిలవగలదు. గాలి ఎంత తోస్తుంది, ఎంత ఎత్తున తోస్తుంది, దానికి ఎదురు నిలిచేంత కొయ్య మిగిలిందా అన్నది అసలు ప్రశ్న. సూత్రం మన ఆలోచనను మొదలుపెట్టడానికి పనికొస్తుంది, ముగించడానికి పనికిరాదు.

ఒక చెట్టు దగ్గర నిలబడి చూద్దాం. దారి పక్కన పెద్ద చెట్టు, పందిరిలా కమ్మిన కొమ్మలు, ఆకులు నిండుగా, ముదురు పచ్చగా ఉన్నాయి. ముందు దూరం నుంచే చూడాలి. మాను ఒరిగి ఉంది, అయితే పైభాగం మళ్లీ నిటారుగా తిరిగింది. అంటే ఒరిగి చాలా ఏళ్లైంది, ఆ తర్వాత చెట్టు తనను తాను సర్దుకుంటూ పెరిగింది. మొదలు నుంచి చివరి దాకా ఒకే గీతలో ఒరిగి ఉంటే, ఒరిగిన దిక్కుకు ఎదురు పక్క నేల పగిలి ఉబ్బి ఉంటే, అది కొత్త ఒరుగుడు. అప్పుడు అక్కడి నుంచి మనుషులను పంపించాకే మిగతా మాట. దగ్గరికి వెళితే మాను మొదలు ఒక పక్క వెడల్పై వేళ్లుగా విచ్చుకుంది, మరో పక్క స్తంభంలా నిటారుగా నేలలోకి దిగిపోయింది. ఆ పక్కన మట్టి పోసి వేళ్లను పూడ్చారా, లేక గొట్టాల కోసం కందకం తవ్వి వేళ్లను నరికారా? పాత కందకం గుర్తు, మీద వేసిన కొత్త రాతిపలకల వరుస కనిపిస్తే జవాబు దొరికినట్టే. మొదట్లో పలకలా అతుక్కున్న గట్టి పుట్టగొడుగు, దాని చుట్టూ బెరడు మీద గోధుమరంగు పొడి ఉంటే అది కొయ్యను కుళ్లబెట్టే గానోడెర్మా జాతి శిలీంధ్రం కావచ్చు. కొయ్య సుత్తితో మొదలు చుట్టూ కొట్టి వింటే ఒకచోట గట్టిగా పలికిన శబ్దం కొన్ని అంగుళాల అవతల డొల్లగా మారుతుంది. ఆ మార్పు ఎక్కడ మొదలై ఎక్కడ ముగిసిందో సుద్దతో గుర్తు పెట్టాలి.

ఇంత చెప్పాక కూడా యజమాని తల పైకెత్తి, "ఆకులు ఇంత పచ్చగా ఉన్నాయి, చెట్టుకు ఏమవుతుంది?" అంటారు. ఇది మనం ఓపికగా, ఎన్నిసార్లైనా విడమరచి చెప్పవలసిన విషయం. నీరు తాగే సన్నని వేళ్లు వేరు, చెట్టును నిలబెట్టే లావుపాటి వేళ్లు వేరు. మొదటివి బాగుంటే ఆకు పచ్చగానే ఉంటుంది. రెండోవి కుళ్లినా తెగినా ఆకుకు కబురు అందకపోవచ్చు. ఆరోగ్యమూ స్థిరత్వమూ రెండు వేర్వేరు పరీక్షలు. అలాగే సగం ఎండిన చెట్టు గట్టిగా నిలిచి ఉండటం కూడా చూస్తాం.

ఆపైన పంగ. రెండు సమానమైన కొమ్మలు ఇరుకుగా పైకి లేచిన చోట బెరడు లోపలికి ముడుచుకుపోతే ఆ రెంటి మధ్య కొయ్యకు కొయ్య అతుక్కోదు. పంగకు రెండు పక్కలా చెవుల్లా ఉబ్బు కనిపించడం, చెట్టు ఆ బలహీనతను తట్టుకోవడానికి అదనపు కొయ్య పోసుకుంటోందనడానికి గుర్తు. ఆ ఉబ్బు కింద సన్నని పగులు, దాని నుంచి కారిన తడి మరక ఉంటే ఇక వాయిదా వేయకూడదు. అలాంటప్పుడు కూడా రెండింటిలో ఒక కొమ్మ బరువు తగ్గించడం, తీగతో కట్టి ఊతమివ్వడం వంటి మార్గాలు ఉంటాయి. కొమ్మల చివర్లను కొద్దిగా కుదిస్తే గాలి తగిలే విస్తీర్ణమూ తగ్గుతుంది, గాలి పట్టు దొరికే ఎత్తూ తగ్గుతుంది. అందుకే మాను మొదట్లో పడే ఒత్తిడి అనుకున్న దానికన్నా ఎక్కువే తగ్గుతుంది. చెట్టు తలను మొత్తంగా నరికేయడం దీనికి పూర్తిగా భిన్నమైన పని. నరికిన మొండేల నుంచి గుత్తులుగా లేచే చిగుళ్లు పైపొరకే అతుక్కుని ఉంటాయి. అవి పెరిగి బరువెక్కేలోగా కింద మొండెం కుళ్లుతుంది. భద్రత పేరుతో తల నరికినవారు కొన్నేళ్ల తర్వాతి ప్రమాదాన్ని తమ చేతులతో నాటి వెళ్లినట్టే.

పరికరాల మాట క్లుప్తంగా చెబుతాను. మాను చుట్టూ సెన్సర్లు బిగించి శబ్ద వేగంతో లోపలి చిత్రం గీసే టోమోగ్రాఫ్, సన్నని సూదిని లోపలికి దింపి కొయ్య ఎంత అడ్డుకుంటుందో రాసే డ్రిల్లు, తాడుతో లాగి మొదలు ఎంత వంగిందో కొలిచే పరీక్ష, ఇవన్నీ ఉపయోగపడతాయి. అయితే ఒక పగులు టోమోగ్రాఫ్ చిత్రంలో పెద్ద తొర్రలా కనిపించగలదు, సూది తాను దిగిన ఒక్క గీత గురించే చెబుతుంది. రంగుల చిత్రం నివేదికకు అతికించగానే యజమాని మారు మాట్లాడకుండా ఒప్పుకుంటాడు. ఆ ఒప్పుదలను మన వాదనకు బలంగా వాడుకోవడం సరికాదు. కంటితో, సుత్తితో చూసి ఒక నిర్దిష్టమైన అనుమానం వచ్చాక, దాన్ని తేల్చుకోవడానికే పరికరం.

అర్హతల సంగతి. ఇప్పుడు ఇంటర్నేషనల్ సొసైటీ ఆఫ్ ఆర్బరికల్చర్‌గా ఉన్న సంఘం 1924లో పుట్టింది. అది ధ్రువీకృత ఆర్బరిస్టు, అంటే వృక్ష సంరక్షణ నిపుణుడి, పరీక్షను 1990ల్లో మొదలుపెట్టింది. ఆ ధ్రువీకరణను మూడేళ్లకొకసారి, ప్రమాద అంచనా అర్హతను ఐదేళ్లకొకసారి పునరుద్ధరించుకోవాలి. బ్రిటన్‌లో చార్టర్డ్ ఆర్బరికల్చరిస్టు హోదా ఉంది, యూరప్‌లో యూరోపియన్ ట్రీ వర్కర్ ధ్రువీకరణ ఉంది. ఇవన్నీ అవసరమే, వీటిని సంపాదించమని యువతకు గట్టిగా చెబుతాను. కానీ లైసెన్సు తప్పనిసరి కాని చోట రంపం కొన్న ప్రతివారూ నిపుణుడినని చెప్పుకోగలరు. అందువల్ల పేరు పక్కన అక్షరాలు చూసి మాత్రమే ఎవరినీ నమ్మమని యజమానులకు నేను సలహా ఇవ్వను. రెండు ప్రశ్నలు అడగమంటాను: మీరు ఏం చూసి ఈ మాట అంటున్నారు? ఈ చెట్టు కొడితే మీకు ఏం వస్తుంది?

ఆ రెండో ప్రశ్న దగ్గరే మన వృత్తి ఇంకా తేలవలసి ఉంది. చెట్టును పరీక్షించడానికి రుసుము తీసుకోరు, కొట్టడానికి తీసుకుంటారు; ఇది చాలాచోట్ల నడుస్తున్న పద్ధతి. పరీక్ష ఉచితం అనగానే యజమాని సంతోషిస్తాడు. కానీ "ఏమీ చేయనక్కరలేదు, రెండేళ్ల తర్వాత మళ్లీ చూద్దాం" అని చెప్పిన రోజు ఆ నిపుణుడికి దారి ఖర్చు కూడా రాదు. అటువంటి ఏర్పాటులో మంచివారు కూడా మెల్లగా రంపం వైపే మొగ్గుతారు, తమకు తెలియకుండానే. అందుకే అంచనాకు వేరుగా, నిర్ణయం ఏదైనా మారని రుసుము ఉండాలి. సాధ్యమైనంత వరకు అంచనా వేసినవారు ఒకరు, పని చేసేవారు మరొకరు కావాలి. చిన్న చోట్ల ఇద్దరు దొరకరని నాకు తెలుసు. అప్పుడు కనీసం ఆ సంగతి నివేదిక మొదటి పుటలోనే రాయాలి. పని చేసేవారి స్థాయిని తక్కువ చేయడానికి నేనీ మాట అనడం లేదు. కుళ్లిన మానెక్కి తాడు మీద వేలాడుతూ కోసే మనిషి ప్రాణం మన అంచనా మీద ఆధారపడి ఉంటుంది. ఎక్కకముందు మొదలునూ, తాడు కట్టే పంగనూ తాను స్వయంగా పరీక్షించే హక్కు, అనుమానముంటే ఎక్కనని చెప్పే హక్కు అతనికి ఉండాలి; ఆ మాట అన్నందుకు కూలి పోకూడదు.

నివేదిక భాషను కూడా వృత్తి లక్షణంగానే చూడాలి. "చెట్టు ప్రమాదకరం, తొలగించాలి" అన్న ఒక్క వాక్యం నివేదిక కాదు. ఏ రోజు చూశాం, ఏ అంచెలో చూశాం, ఏ భాగం విరగవచ్చు, ఎంత కాలంలో, దేని మీద పడవచ్చు, ఏమేం మార్గాలున్నాయి, ఒక్కో మార్గం తర్వాత ఎంత ప్రమాదం మిగులుతుంది, మనం చూడలేకపోయిన భాగాలేవి అన్నవి అందులో ఉండాలి. కాలపరిమితి లేని అంచనాకు అర్థం లేదు. ఏడాదిలో విరిగే అవకాశం, ఐదేళ్లలో విరిగే అవకాశం ఒకటి కావు. ఇన్ని రాశాక, ఎంత ప్రమాదాన్ని ఒప్పుకోవాలో నిర్ణయించేది యజమానే తప్ప మనం కాము. నీడనూ, గూళ్లనూ, తరాల జ్ఞాపకాన్నీ నిలుపుకోవడానికి మధ్యస్థ స్థాయి ప్రమాదాన్ని భరిస్తానని ఒకరు అనవచ్చు, మరొకరు భరించలేననవచ్చు. ఇద్దరికీ సరైన సమాచారం ఇవ్వడం వరకే మన పని. అయితే ఆ చెట్టు కింద నడిచేది యజమాని ఒక్కడే కాదు. దారి మీద పోయేవారికి ముప్పు ముంచుకొచ్చిందని తేలితే, నివేదిక టైపు అయ్యేదాకా ఆగకుండా ఆ క్షణమే యజమానికీ బాధ్యులైన అధికారులకూ చెప్పి, చెప్పిన సమయాన్ని రాసి ఉంచాలి.

మళ్లీ ఎప్పుడు చూడాలో ప్రతి నివేదిక చివర తేదీతో సహా ఉండాలి. దాంతోపాటు, పెద్ద గాలివాన తర్వాత, చెట్టు దగ్గర తవ్వకం జరిగాక, కొత్తగా పుట్టగొడుగు లేచినప్పుడు ఆ తేదీ దాకా ఆగవద్దని కూడా రాయాలి. యజమానుల్లో చాలామందికి చెట్టు మొదలును వంగి చూసే అలవాటు లేదు. నివేదిక చేతికిచ్చే రోజున వారిని చెట్టు దగ్గరికి తీసుకువెళ్లి, నేల పగులు ఎక్కడ రావచ్చో, పుట్టగొడుగు ఏ పక్కన లేవవచ్చో వేలుపెట్టి చూపించి రండి.